షెర్ ‘బిలీవ్’ బ్రిటన్‌లో వచ్చిన వారమే నంబర్ వన్, అమెరికాలో మాత్రం మార్చి దాకా ఎందుకు?

మీ ప్రశ్న ఇదీ: అమెరికా గాయని షెర్ పాడిన ‘బిలీవ్’ మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నారు. పాట 1998 అక్టోబర్‌లో వచ్చింది, బ్రిటన్‌లో మొదటి వారమే చార్ట్ మొదటి స్థానానికి చేరింది, అమెరికాలో 1999 మార్చి దాకా చేరలేదు. అమెరికా వాళ్లకు పాట నచ్చడానికి అయిదు నెలలు పట్టిందా, తేదీలు ఒక్కో చోట ఒక్కోలా ఎందుకున్నాయి, ‘ప్లాటినం’, ‘ఆ ఏటి నంబర్ వన్’ లాంటి మాటల్లో ఏది నమ్మొచ్చు, పాటలో యంత్రంలా వినపడే ఆ విరిగిన గొంతు ఇంట్లో కంప్యూటర్ మీద చేయొచ్చా అని అడిగారు.

నచ్చడంలో తేడా ఏమో గానీ, అసలు తేడా లెక్క పెట్టడంలో ఉంది. అప్పటి బ్రిటన్ చార్ట్ కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని లెక్క రాసుకునేది. అమెరికా చార్ట్ గల్లాపెట్టెతో పాటు రేడియో పక్కన కూడా కూర్చునేది, చెవి ఎక్కువగా రేడియో వైపే వేసేది. ఒకే పాట ఈ రెండు చోట్ల ఒకేలా ఎక్కడం కుదరదు.

ముందు బ్రిటన్ సంగతి. 1998లో అక్కడి సింగిల్స్ (ఆల్బంగా కాక విడిగా అమ్మే పాటలు) చార్ట్‌కి ఆధారం అమ్మకాలు మాత్రమే. మిల్వర్డ్ బ్రౌన్ సంస్థ దుకాణాల కౌంటర్లలో ఆదివారం నుంచి శనివారం దాకా అమ్ముడైన సీడీలు, క్యాసెట్ల లెక్క కూడేది. ఆ జాబితాను ఆదివారం సాయంత్రం బీబీసీ రేడియో 1లో చదివేవారు. రేడియోలో పాట ఎన్నిసార్లు మోగినా చార్ట్‌లో దానికి ఒక్క మార్కు కూడా లేదు. కంపెనీలు దీన్నే వాడుకునేవి. పాటను కొన్ని వారాల ముందే రేడియోకి, క్లబ్బులకి ఇచ్చేస్తారు. జనం నోట్లో పాట నలుగుతూ ఉంటుంది, కొందామంటే కొట్లో దొరకదు. ఒక సోమవారం సీడీ కొట్లోకి వస్తుంది. అప్పటిదాకా ఆగిన కోరికంతా గేట్లెత్తిన ఆనకట్ట నీళ్లలా ఆ ఆరు రోజుల్లోనే పారుతుంది. పైగా మొదటి వారం తగ్గింపు ధర ఉంటుంది. 3 పౌండ్ల 99 పెన్నీల సీడీ 1 పౌండ్ 99 పెన్నీలకే దొరకడం అప్పట్లో మామూలే. ఒకే సింగిల్‌ను వేర్వేరు రీమిక్స్‌లతో రెండు సీడీలుగా, ఒక క్యాసెట్‌గా అమ్మితే, మూడు రూపాల దాకా అమ్మకాలు కలిపి లెక్కేసేవారు. వీరాభిమాని రెండు సీడీలూ కొంటాడు, చార్ట్‌లో రెండూ పడతాయి.

కాబట్టి ఆ కాలంలో బ్రిటన్‌లో నేరుగా నంబర్ వన్‌గా దిగడం గొప్పేమీ కాదు. అలా దిగి, తగ్గింపు ధర పోగానే మరుసటి వారం జారిపోయిన పాటలు కోకొల్లలు. ‘బిలీవ్’కి ముందు వారం పైనున్న స్పేస్‌డస్ట్ వాళ్ల ‘జిమ్ అండ్ టానిక్’ కూడా ఒక్క వారం ముచ్చటే. అందుకే మీ వ్యాసంలో ‘మొదటి వారమే నంబర్ వన్’ అన్న వాక్యం మీద బరువు పెట్టకండి. బరువు పెట్టాల్సింది ‘ఏడు వారాలు’ అన్న మాట మీద. ఆరంభశూరుల కాలంలో ఒక డ్యాన్స్ పాట అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ నడిమి దాకా కదలకుండా కూర్చుంది. సంగీతం బాగా అమ్ముడయ్యే క్రిస్మస్ ముందు వారాలవి, కూర్చున్న చోటు కూడా మంచిదే. ఆ ఏడాది ముగిసేసరికి బ్రిటన్‌లోనే 15 లక్షల పైచిలుకు అమ్ముడై, సెలీన్ డియోన్ ‘మై హార్ట్ విల్ గో ఆన్’ను కూడా దాటి 1998లో అక్కడ అత్యధికంగా అమ్ముడైన సింగిల్ అయింది. చివరికి దాన్ని దింపింది బివిచ్‌డ్ అనే ఐరిష్ అమ్మాయిల బృందం, ‘టు యూ ఐ బిలాంగ్’తో. క్రిస్మస్ వారం స్పైస్ గర్ల్స్ ‘గుడ్‌బై’ది.

తేదీల గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. సింగిల్ విడుదల 1998 అక్టోబర్ 19, సోమవారం. ఆ వారం అమ్మకాలు శనివారం 24తో ముగిశాయి. చార్ట్ ప్రకటన ఆదివారం 25న. అదే చార్ట్ మీద పడే తేదీ మాత్రం ఆ వచ్చే శనివారం, అక్టోబర్ 31. ఒకరు 25 అని రాస్తారు, ఇంకొకరు 31 అంటారు, ఇద్దరిదీ తప్పు కాదు. ఏదో ఒక పద్ధతి ఎంచుకుని వ్యాసమంతా అదే వాడండి. ఒక పేరాలో ప్రకటన తేదీ, ఇంకో పేరాలో చార్ట్ తేదీ వాడితే వారాల లెక్క తప్పుతుంది. ఏడు కాస్తా ఆరో ఎనిమిదో అవుతుంది. ఈ పొరపాటు చాలాచోట్ల కనిపిస్తుంది. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రికదీ ఇదే తంతు. సంచిక మీద ఉండే శనివారం తేదీ భవిష్యత్తుది, అందులోని అమ్మకాలు, రేడియో లెక్కలు అంతకు ముందటి వారాలవి. మార్చి 13 తేదీ చార్ట్‌లో మొదటి స్థానం అంటే, జనం ఆ పాటను కొన్నదీ విన్నదీ మార్చి 13న అని కాదు.

ఇప్పుడు అమెరికా. బిల్‌బోర్డ్ హాట్ 100లో రెండు పద్దులు కలిపేవారు. ఒకటి సౌండ్‌స్కాన్ యంత్రాల నుంచి వచ్చే దుకాణాల అమ్మకం. రెండోది రేడియో. కంప్యూటర్లు స్టేషన్లను రాత్రింబవళ్లు విని ఏ పాట ఎప్పుడు మోగిందో గుర్తించేవి, ఆ సమయానికి ఆ స్టేషన్‌కి ఎంతమంది శ్రోతలున్నారన్న అంచనాతో దాన్ని హెచ్చవేసేవారు. రెంటిలో రేడియోదే పెద్ద వాటా. అంటే బ్రిటన్‌లో విడుదలకు ముందు చప్పుడు లేకుండా పోగుపడే కాలం అమెరికాలో చార్ట్ మీదే, అందరి కళ్లముందే మెట్లుగా కనపడుతుంది. ‘నెమ్మదిగా ఎక్కింది’ అనిపించేది సగం ఇందుకే. బ్రిటన్‌లోనూ పాట వారాల తరబడి ఎక్కింది, కాకపోతే ఆ మెట్లు అమ్మకాల చార్ట్‌లో కనపడలేదు.

మిగతా సగం రేడియో స్వభావం. అమెరికా స్టేషన్లు ఖానాల వారీగా నడుస్తాయి: కుర్రకారు టాప్ 40, నడివయసు వాళ్ల అడల్ట్ కాంటెంపరరీ, ఆర్ అండ్ బీ, కంట్రీ, రాక్. ఒక పాట అడుగు నుంచి పైకి రావాలంటే కనీసం రెండు మూడు ఖానాల్లో మోగాలి. డ్యాన్స్ సంగీతానికంటూ పెద్ద ఖానా అక్కడ లేదు. క్లబ్బులో ఊగించే పాట టాప్ 40లోకి రావాలంటే ఊరికో ప్రోగ్రాం డైరెక్టర్ ధైర్యం చెయ్యాలి. వాళ్లు ముందు రాత్రిపూట కొన్నిసార్లు వేస్తారు, శ్రోతలకు ఫోన్ చేసి పాట ముక్క వినిపించి అభిప్రాయం అడుగుతారు, పక్క ఊరి స్టేషన్ ఏం చేస్తుందో చూస్తారు, ఆ తరవాతే పగటిపూట తిప్పుతారు. అదంతా వారాల పని. ‘బిలీవ్’ ముందు క్లబ్ చార్ట్‌లో మొదటి స్థానానికి చేరింది. ఆ చార్ట్ అమ్మకాల మీద కాక డీజేలు పంపే జాబితాల మీద నడిచేది, కాబట్టి దాన్నీ హాట్ 100నీ ఒకే వాక్యంలో కలిపి రాయొద్దు. తరవాత హాట్ 100లో దాదాపు అట్టడుగున అడుగుపెట్టి, చలికాలమంతా ఎక్కుతూ వచ్చింది. జనవరి 31న మయామీలో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) ముందు జాతీయగీతం పాడింది షెర్. ఆ ఒక్క పాటే దీన్ని ఎత్తిందని కొందరు రాస్తారు గానీ, పాట అప్పటికే ఎక్కుతూ ఉంది. తోపు అనండి, కారణం అనకండి. 1999 మార్చి 13 చార్ట్‌లో మోనికా ‘ఏంజెల్ ఆఫ్ మైన్’ను దింపి మొదటి స్థానం, అక్కడ నాలుగు వారాలు. ఏప్రిల్ 10న టీఎల్‌సీ ‘నో స్క్రబ్స్’ వచ్చి కూర్చుంది.

చార్ట్ చరిత్ర రాసేవాళ్లు తరచూ వదిలేసే సంగతి ఇంకొకటి ఉంది. హాట్ 100 నియమాలు సరిగ్గా ఆ రోజుల్లోనే మారాయి. 1998 డిసెంబర్ 5 చార్ట్‌కి ముందు వరకు, కొట్లో సింగిల్‌గా అమ్మకానికి పెట్టని పాటకు హాట్ 100లో చోటే లేదు. జనం ఆల్బం కొనాలని కంపెనీలు కావాలనే సింగిల్ ఆపేసేవి. నో డౌట్ బృందం ‘డోంట్ స్పీక్’ రేడియో చార్ట్‌లో 16 వారాలు మొదటి స్థానంలో ఉండి కూడా హాట్ 100 ముఖం చూడలేదు. నటాలీ ఇంబ్రూలియా ‘టోర్న్’ రేడియోను ఏలినా, నియమం మారేసరికి దాని ఊపు పోయి 42వ స్థానంతో సరిపెట్టుకుంది. ‘బిలీవ్’ ఎక్కింది ఈ కొత్త నియమాల కిందే, రేడియోలో మాత్రమే మోగే పాటలతో కూడా పోటీపడుతూ. 1997 నాటి నంబర్ వన్‌నీ 1999 నాటి నంబర్ వన్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

రెండు దేశాల్లో షెర్ పరపతి కూడా ఒకటి కాదు. బ్రిటన్‌లో 1991లో ‘ది షూప్ షూప్ సాంగ్’తో, 1995లో మరో ముగ్గురితో కలిసి పాడిన ఛారిటీ సింగిల్‌తో ఆమె నంబర్ వన్ చూసింది. అక్కడ ఆమె ఎక్కడికీ పోలేదు. ఈ డ్యాన్స్ ఆల్బం ఆలోచన కూడా లండన్‌లోని వార్నర్ రికార్డు కంపెనీ అధినేత రాబ్ డికిన్స్ వైపు నుంచి వచ్చిందే. అమెరికాలో ఆమె అంతకు ముందటి నంబర్ వన్ ‘డార్క్ లేడీ’, 1974 మార్చి 23న. అక్కడి నుంచి 1999 మార్చి 13 దాకా 25 ఏళ్లకు సరిగ్గా పది రోజులు తక్కువ. అప్పటికి ఆమెకు 52 ఏళ్లు. కుర్రకారు స్టేషన్ ఆ పేరు చూసి రెండోసారి ఆలోచించిందంటే ఆశ్చర్యం లేదు. హాట్ 100 మొదటి స్థానానికి చేరిన అతి పెద్ద వయసు మహిళ అన్న రికార్డు అప్పుడు ఆమెదైంది. మీ వ్యాసంలో దాన్ని వర్తమాన కాలంలో రాయకండి. 2023 డిసెంబర్‌లో 78 ఏళ్ల బ్రెండా లీ, ఎప్పుడో 1958లో వచ్చిన తన క్రిస్మస్ పాటతో ఆ రికార్డు తీసేసుకుంది.

పాట తయారీ గురించి రెండు ముక్కలు. రచయితలుగా ఆరుగురి పేర్లు చూసి జనం నవ్వుతారు, కానీ అందులో పని ఉంది. పాటల రచయిత బ్రయాన్ హిగ్గిన్స్ వైపు నుంచి వచ్చిన డెమో (నమూనా రికార్డింగ్) చాలాకాలం చేతులు మారింది. పల్లవి అందరికీ నచ్చేది, చరణాలు ఎవరికీ నచ్చేవి కావు. నిర్మాతలు మార్క్ టేలర్, బ్రయాన్ రాలింగ్‌ల మెట్రో బృందం దాన్ని తీసుకుని, పల్లవిని అట్టే ఉంచి చరణాలు కొత్తగా రాయించింది. నిమిషానికి 133 దెబ్బల నడక, ఎఫ్ షార్ప్ మేజర్ శ్రుతి. మన హార్మోనియం భాషలో నాలుగున్నర శ్రుతి, శంకరాభరణం స్వరాలు.

ఇక ఆ గొంతు. 1997లో యాంటారెస్ కంపెనీ తెచ్చిన ఆటోట్యూన్‌ను తయారు చేసింది ఆండీ హిల్డెబ్రాండ్. చమురు కోసం భూమిలోకి ధ్వని తరంగాలు పంపి, తిరిగొచ్చిన సంకేతాలను చదివే లెక్కల్లో పనిచేసిన ఇంజనీరు. తప్పిన స్వరాన్ని ఎవరికీ తెలియకుండా సర్దడానికి చేసిన పనిముట్టు అది. అందులో రీట్యూన్ స్పీడ్ అనే మీట ఉంటుంది. ఎంత సమయంలో గొంతును సరైన స్వరానికి లాగాలో మిల్లీసెకన్లలో చెబుతుంది, 0 నుంచి 400 దాకా. దాన్ని 0లో పెడితే స్వరం నుంచి స్వరానికి జారుడు ఉండదు, మెట్టు దూకినట్టు టక్కున మారుతుంది. మీరు వింటున్నది అదే. రికార్డు కంపెనీ ఆ ఎఫెక్ట్ తీసేయమంటే షెర్ ససేమిరా అంది. నిర్మాతలు ఆ కిటుకును కొంతకాలం దాచారు. 1999లో సౌండ్ ఆన్ సౌండ్ పత్రికకు అది వోకోడర్ (గొంతును వాయిద్యం శబ్దంతో కలిపే పరికరం) పని అని చెప్పారు. ఆ పాత ముఖాముఖి ఇంకా దొరుకుతుంది కాబట్టి ‘వోకోడర్ వాడారు’ అని ఇప్పటికీ రాసేవాళ్లున్నారు. మీరు రాయకండి.

ఇంట్లో చేయాలంటే: గొంతు పొడిగా, ఒకే ట్రాక్‌గా, వెనక ఫ్యాన్ చప్పుడు, తంబూర యాప్ చప్పుడు ఏదీ పడకుండా హెడ్‌ఫోన్స్‌తో రికార్డు చేయండి. రెండో శబ్దం ఏదున్నా ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగిలించే ఆటోట్యూన్ లాంటి ప్రోగ్రాం) దాన్నే స్వరం అనుకుని గొంతును పక్కకు లాగుతుంది. ట్యూనింగ్ ప్లగిన్ వరుసలో అన్నిటికంటే ముందు ఉండాలి. రివర్బ్, డిలే లాంటి ప్రతిధ్వని ఎఫెక్ట్‌లు దాని తరవాతే. గొంతు రకం ఎంచుకోండి, శ్రుతి, స్కేల్ పెట్టండి, రీట్యూన్ స్పీడ్ 0, హ్యూమనైజ్ 0, ఫ్లెక్స్‌ట్యూన్ ఉంటే అదీ 0, కొత్త వెర్షన్లలో క్లాసిక్ మోడ్ నొక్కండి. డబ్బు పెట్టక్కర్లేదనుకుంటే ఎంఆటోపిచ్, జీస్నాప్, గ్రేయాన్ ఉచిత వెర్షన్ ఉన్నాయి, పని జరుగుతుంది.

చాలామంది ఇక్కడ మూడు చోట్ల దెబ్బతింటారు. స్కేల్‌ను క్రోమాటిక్‌లో వదిలేస్తే పన్నెండు స్వరాలూ తెరిచి ఉంటాయి, దూకుడు చిన్నదై ఎఫెక్ట్ వినపడదు, లేదా గొంతు రెండు స్వరాల మధ్య దోమలా కొట్టుకుంటుంది. పాటలో లేని స్వరాలను మూసేస్తే అది పోతుంది. రెండోది, శ్రుతి మీద నిలబెట్టి నీట్‌గా పాడితే సర్దడానికి ప్లగిన్‌కి ఏమీ దొరకదు. స్వరానికి కింద నుంచి కాస్త జారుతూ పాడాలి, ఆ జారుడే మెట్లుగా విరుగుతుంది. మూడోది మన పాటలకు ప్రత్యేకం, గమకం. కంపితం పక్క స్వరానికి సగం దూరం దాటిందంటే ప్లగిన్ దాన్ని ఆ పక్క స్వరమే అనుకుంటుంది. తోడిలో గాంధారం పాడితే ఎలక్ట్రిక్ బెల్లు మోగినట్టుంటుంది. ఆ అక్షరాల దగ్గర ప్లగిన్‌ను ఆటోమేషన్‌తో ఆపేయండి. ‘బిలీవ్’లో కూడా ఎఫెక్ట్ పాటంతా ఒకే తీరుగా పూయలేదు. చరణంలో కొన్ని మాటల మీద కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది, అందుకే చెవి అక్కడ ఆగుతుంది. పాటంతా పూస్తే రెండో నిమిషానికి చెవి అలవాటుపడి వినడం మానేస్తుంది.

రికార్డు మాటల్లో మీరు జాగ్రత్తపడాల్సినవి. ‘ఆ ఏటి నంబర్ వన్’ బ్రిటన్‌లో అయితే ఆ ఏడాది అమ్మకాల మొత్తం. ‘బిలీవ్’ అక్కడ 1998ది. బిల్‌బోర్డ్ ఏడాది మాత్రం అప్పట్లో జనవరిలో కాదు, అంతకు ముందు డిసెంబర్ మొదట్లో మొదలై నవంబర్ చివర ముగిసేది. ‘బిలీవ్’ ఎక్కడం, పైన కూర్చోవడం, దిగడం దాదాపు అంతా 1999 ఖాతాలోనే పడింది కాబట్టి ఆ ఏటి జాబితాలో అదే మొదటిది. సాంటానా ‘స్మూత్’ 12 వారాలు పైన ఉన్నా, అక్టోబర్‌లో అందుకున్నందున దాని బలం రెండేళ్ల మధ్య చీలింది, 2000 జాబితాలో రెండోదైంది. ఆ 2000 జాబితాలో మొదటిదైన ఫెయిత్ హిల్ ‘బ్రీత్’ వారపు చార్ట్‌లో ఒక్కసారి కూడా మొదటి స్థానం చూడలేదు! వారపు శిఖరం వేరు, ఏడాది నిలకడ వేరు.

‘ప్లాటినం’ అన్న మాట పక్కన దేశం పేరు లేకపోతే దానికి అర్థం లేదు. సింగిల్‌కి బ్రిటన్‌లో ప్లాటినం 6 లక్షలు, అమెరికాలో 10 లక్షలు. పైగా అప్పట్లో ఆ బిరుదు కొట్లకు పంపిన సరుకు మీద, అదీ కంపెనీ అడిగితే ఇచ్చేది. అమ్ముడైన లెక్క అదే కానక్కర్లేదు. ఇంకా ఒకటి: సింగిల్ ఎక్కినంత ఎత్తుకు ఆల్బం ఎక్కలేదు. అదే పేరుతో వచ్చిన ఆల్బం బ్రిటన్‌లో 7, అమెరికాలో 4. కొందరు ఆల్బంకీ నంబర్ వన్ అంటగడతారు.

ఇప్పటి చార్ట్‌తో పోల్చాలనుకుంటే ముందు కొలబద్ద మార్చుకోండి. బ్రిటన్‌లో 2018 జులై నుంచి డబ్బు కట్టి వినే 100 స్ట్రీమ్‌లు ఒక అమ్మకం, ప్రకటనలతో ఉచితంగా వినేవైతే 600. 1998లో సీడీ కొన్నవాడు దాన్ని వందసార్లు విన్నా, అల్మారాలో పడేసినా చార్ట్‌లో ఒక్కటే పడేది. ఇప్పుడు విన్న ప్రతిసారీ పడుతుంది, అందుకే పాటలు నెలల తరబడి దిగవు. దిగకపోవడం మరీ ఎక్కువై, పాతబడి తగ్గుముఖం పట్టిన పాటలకు ఆ నిష్పత్తిని రెట్టింపు చేసే నియమం కూడా పెట్టుకున్నారు. మన దగ్గర సినిమా పాట విడుదలైన రాత్రే పోస్టర్ మీద పడే ‘24 గంటల్లో ఇన్ని కోట్ల వ్యూస్’ అసలు చార్టే కాదు. డబ్బు కట్టి వేయించిన ప్రకటనల వ్యూస్‌ను 24 గంటల రికార్డు లెక్కలోంచి, మ్యూజిక్ చార్ట్‌ల్లోంచి యూట్యూబ్ 2019 సెప్టెంబర్‌లో తీసేసింది. అంతకు ముందు అవీ కలిసేవి.

మీ వ్యాసం మొదటి పేరాకి ఇది వాడుకోండి: ‘‘1998 అక్టోబర్ 19న బ్రిటన్‌లో విడుదలైన ‘బిలీవ్’, అక్టోబర్ 31 తేదీ చార్ట్ నుంచి ఏడు వారాలు అక్కడి అమ్మకాల చార్ట్‌లో మొదటి స్థానంలో ఉంది. అమెరికాలో అమ్మకాలు, రేడియో ప్రసారాలు కలిపి లెక్కించే హాట్ 100లో 1999 మార్చి 13 తేదీ చార్ట్ నుంచి నాలుగు వారాలు మొదటి స్థానంలో ఉంది.’’ ఆ కింద పట్టిక పెడితే దేశం, చార్ట్ పేరు, చార్ట్ తేదీ, వారాలు అని నాలుగు నిలువు గళ్లు చాలు. క్లబ్ చార్ట్‌కి వేరే పట్టిక వేయండి.